ఊ కొట్టే పని

మా వైపు ప్రొడ్యూసరంటే సినిమాలు తీసే ఆసామి. విజయనగరంలో నేను రాప్ పాటలకి ప్రొడ్యూసర్‌నని చెప్పుకు తిరిగిన ఏడెనిమిదేళ్ళలో "అయితే హీరో ఎవులు?" అని అడగనివాడు లేడు. నాకు పిల్లనిద్దామని వచ్చిన ఒక పెద్దమనిషి గదంతా కలియజూసి, గోడలకి మేకులు కొట్టి బిగించిన గోనెసంచుల్ని చేత్తో తడిమి, "ఇదేటి బాబూ, ధాన్యం బస్తాలేస్తారా ఇక్కడ?" అని అడిగాడు. ఇచ్చిన టీ సగం తాగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆయన్ని తప్పుపట్టను. నా పనేమిటో నాకే సరిగ్గా తెలియదు. అది తెలిసేసరికి మరో మనిషి పాట పోయింది, పాటతో పాటు ఇంకా చాలా పోయాయి.

గది గంటస్తంభం నుంచి నాలుగు సందులవతల, ఫ్లెక్సీలు వేసే షాపు మీద ఉండేది. గోనెలు మా నాన్న పనిచేసిన జూట్ మిల్లువి, చిరిగినవి ఏరి తెచ్చాడు. వాటి మీద గుడ్ల అట్టలు, ఒక మూల చెక్క ఫ్రేముకి కట్టిన పాత పరుపు. ఆ పరుపు వెనకే మైకు. రికార్డింగప్పుడు ఫ్యాన్ ఆపేయాలి, కిటికీ మూసేయాలి. జూలైలో పరుపు వెనక నిలబడి పాట పాడినవాడు స్నానం చేసినట్టు బయటికి వచ్చేవాడు. అయినా కింద ఆటో హారన్లు, ఫ్లెక్సీ షాపువాడి కేకలు సగం పాటల్లో దూరేవి. వాటిని తీసేయడంలో నేను మహా గట్టివాణ్ణని పేరు. నాకు నేను పెట్టుకున్న పేరే అనుకోండి.

తిండి పెట్టేవి వేరే పాటలు. వినాయక చవితికి డీజే పాటలు, అమ్మవారి పండక్కి భక్తి పాటలు, ఎలక్షన్లొస్తే జెండా పాటలు. అవన్నీ ఒకే డప్పు, ఒకే ఊపు, పేర్లు మారిస్తే చాలు. మనసు మాత్రం రాప్ మీద ఉండేది. ఫోన్లో నెట్ చౌకైన రోజులవి. ఏ కాలేజీ కుర్రాణ్ణి కదిపినా రాపరే. ఎక్కడి నుంచో దించుకున్న బీట్ తెచ్చుకుని, దాని మీద తుపాకులు, పెద్ద కార్లు, శత్రువుల తలలు అంటూ అరిచేవారు. నాకు ఒళ్ళు మండేది.

"ఒరే, మీ బాబు ఆటో తోల్తాడు. నువ్వు డిగ్రీ రెండో ఏడు తప్పినావు. నీకు శత్రువులెవుల్రా?" అని అడిగేవాణ్ణి.

వాళ్ళు నవ్వి ఊరుకునేవారు. నేను డ్రమ్ము గట్టిగా ఉండేలా చూసి, కింద బేస్ బరువుగా వేసి, గొంతుకి కాస్త మెరుపు అద్ది పంపేవాణ్ణి. ప్రొడ్యూసర్ పనంటే అదేనని నమ్మకం. బీట్ కట్టేవాడు, గొంతు శుభ్రం చేసేవాడు, అంతే.

ఆ కుర్రాడు వచ్చింది ఒక జూన్‌లో. ఇరవై రెండేళ్ళుంటాయి. నౌపడలో పాసింజరెక్కి వచ్చాడు, వాళ్ళ ఊరు ఆ ఉప్పుమడులు దాటి సముద్రం ఒడ్డున. చేపలు పట్టే ఇల్లు. వాడూ తుపాకుల పాటే తెచ్చాడు. రెండు చరణాలు విని ఆపేశాను.

"మీ ఊర్లో తుపాకీ ఎవులికుందిరా?"

వాడు నవ్వలేదు. నేల చూసి, "ఎవులికీ నేదు అన్నియ్యా" అన్నాడు.

"మరేటుంది?"

"ఏటీ నేదు. ఆగస్టొస్తే మగోళ్ళే ఉండరు."

ఆ మాట అన్న తీరుకే నేను కుర్చీలో సర్దుకున్నాను. వాళ్ళ ఒడ్డున హార్బరు లేదు. వాన తగ్గీ తగ్గకముందే మగవాళ్ళంతా జట్లుగా రైలెక్కి గుజరాత్‌లో వీరావల్ పోయి, అక్కడి బోట్ల మీద చేపలు పడతారు. తిరిగి చూసేది ఏప్రిల్ ఆఖరుకే. వాడు అప్పటికే రెండుసార్లు వెళ్ళొచ్చాడు. మళ్ళీ వెళ్ళడం ఇష్టం లేదు. వాళ్ళమ్మ ఒక మాటిచ్చిందట. "ఈ ఏడు నీ పాటేదో సూసుకో. జనం పలికితే ఉండిపో. నేకపోతే మీ మావతో బోటెక్కు." బోటు నడిపే తండేలు వాడికి మేనమామే. జూలై ఆఖరి వారంలో జట్టు బయల్దేరుతుంది. అంటే వాడికి నెలా చిల్లర ఉంది.

"అయితే ఇదే రాయి. ఇప్పుడు సెప్పినావు సూడు, ఇదే" అన్నాను. నా ఎనిమిదేళ్ళ ప్రొడ్యూసర్ బతుకులో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే అనుకుంటాను.

వారం తర్వాత వచ్చి చదివాడు. కాగితం లేదు, అంతా నోట్లోనే ఉంది.

*ఊరొగ్గీసి ఎల్తంటే ఉప్పుగాలి ఏడ్సినాది,*
*వీరావల్ల బోటెక్కితే ఏడాదినే మింగీసినాది.*

అలా సాగింది. రైలు పెట్టెలో నిలబడి పోయే రెండు రోజులు, బోటు మీద నలుగురికి జొరమొస్తే ఒడ్డు కనబడక ఒక్క మాత్రనే నలుగురూ పంచుకోవడం, తిరిగొచ్చేసరికి పుట్టిన పిల్ల నడవడం, తండ్రిని చూసి ఎవరో మామయ్యనుకుని దాక్కోవడం. తుపాకి ఎక్కడా లేదు. నాకు ఆ మధ్యాహ్నం సంతోషంతో తిండి సయించలేదు. నాలుగు రోజులు కూర్చుని బీట్ కట్టాను. డప్పు తగ్గించి, కింద ఒక దెబ్బ, చాలా సేపటికి ఇంకో దెబ్బ. మధ్యలో ఖాళీ. వాడి మాటకి ఖాళీ కావాలని అప్పుడు నాకు ఎలా తోచిందో, తర్వాత ఎలా మరిచానో నాకే తెలియదు.

జూలై రెండో వారంలో రికార్డింగ్. బయట ముసురు. వాణ్ణి పరుపు వెనక నిలబెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టి, బీట్ వదిలాను. ఒక లైను చెప్పి ఆగిపోయాడు. మళ్ళీ వదిలాను. మళ్ళీ ఒక లైను, ఆగాడు. పరుపు పక్కనుంచి తల బయటికి పెట్టి నాకేసి చూస్తాడు.

"ఏటిరా ఆగిపోతన్నావు? మర్సిపోనావా?"

"నేదన్నియ్యా. ఎవులూ పలకట్నేదు."

"ఎవులు పలకాలి?"

అప్పుడు చెప్పాడు. వాళ్ళ ఒడ్డున పెద్దవల లాగుతారు. వల సముద్రంలో చుట్టి, రెండు కొసలూ ఒడ్డుకి తెచ్చి, కొసకి ఇరవై మంది చొప్పున తాడు పట్టుకుంటారు. ముందున్నవాడు ఒక మాట పాడతాడు, వెనకున్న ఇరవై మందీ పలుకుతూ ఒక్క లాగు లాగుతారు. పలక్కపోతే తాడు కదలదు. తాడు కదలకపోతే ముందున్నవాడికి తర్వాతి మాట రాదు. వాళ్ళ నాన్న ముందు నిలబడి పాడేవాడట. ఆయన పోయాక, పద్నాలుగో ఏట నుంచీ ఆ మాట చెప్పేది వీడే.

"పలికేవోడు నేకపోతే మాట ఎనక్కి నా నోట్లోకే వొచ్చీసినట్టుంటాదన్నియ్యా" అన్నాడు సిగ్గుపడుతూ.

నాకు చిన్నప్పుడు చూసిన జముకుల కథలు గుర్తొచ్చాయి. కథ చెప్పేవాడి పక్కన వంత ఉంటుంది. ప్రతి మాటకీ ఊఁ అంటుంది, అదీ అంటుంది, ఆపైనేటయ్యింది అంటుంది. వంత మనిషికి జ్వరమొస్తే ఆ రోజు కథే లేదు. ఈ కుర్రాడు రాప్ నేర్చుకున్నది ఫోన్లో కాదు, తాడు ముందు. నేను లేచి, పరుపు పక్కకి జరిపి, వెళ్ళి వాడి పక్కన నిలబడ్డాను. హెడ్‌ఫోన్స్‌లో ఒకటి వాడి చెవికి, ఒకటి నా చెవికి.

"పాడు. నాను పలుకుతాను."

మొదటి లైను చెప్పాడు. "ఊఁ" అన్నాను. వాడి భుజం కాస్త వదులైంది. రెండోది చెప్పాడు. "అదీ" అన్నాను. ఆ తర్వాత నేను చెప్పడం లేదు, నా నోరే చెబుతోంది. వాడు బీట్ మీద పడడం లేదు, దాని వెనక ఒక అడుగు దూరంలో నడుస్తున్నాడు, నా ఊఁ వాణ్ణి లాగుతోంది, వాడు తర్వాతి మాటతో నన్ను లాగుతున్నాడు. పిల్ల తండ్రిని చూసి దాక్కునే చోట వాడి గొంతు పగిలింది. ఊపిరి అందక ఆగాడు. ఆ ఖాళీలో నేను "ఊఁ, సెప్పూ" అన్నాను, ఏడుపు గొంతుతో. కింద ఫ్లెక్సీ షాపువాడు ఎవర్నో తిడుతున్నాడు. స్కూటరొకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. మేమిద్దరం ఆగలేదు.

పాటయ్యాక వెళ్ళి రికార్డింగ్ ఆపాను. నా చేతుల మీద వెంట్రుకలు నిలబడి ఉన్నాయి. అదే పాటని నాకు తెలుసు. తెలియలేదని అబద్ధమాడను.

ప్రొడ్యూసర్ అనేవాడు ఆ గదిలో ఉండేది ఆ ఒక్క నిమిషం కోసం. బీట్ ఎవడైనా కడతాడు. మైకు ఎవడైనా పెడతాడు. పాడినవాడికి తను ఏం పాడాడో తెలియదు, ఒళ్ళంతా చెమటతో, భయంతో నీ మొహం చూస్తాడు. వాడి కళ్ళలోకి చూసి, అయిపోయింది, ఇదే, ఇక ముట్టుకోవద్దు అని చెప్పడమే పని. మిగతాదంతా కరెంటు పని.

నేనేమన్నానంటే, "బాగుందిరా. ఇప్పుడు శుభ్రంగా ఇంకోటి తీద్దాం" అన్నాను.

ఎందుకన్నానో చెప్పాలి. విశాఖపట్నంలో ఒకాయన యూట్యూబ్ చానల్ నడిపేవాడు, కొత్త పాటలు పెడితే లక్షలమంది చూసేవారు. క్వాలిటీ ఉంటేనే పంపండి, పల్లెటూరి రికార్డింగులు పంపొద్దు అని నాతో ఫోన్లో ముందే అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుని ఉంది. ఆయన ముందు నేను పల్లెటూరివాణ్ణి కాకూడదు. ఈ పాటలో స్కూటరుంది, తిట్లున్నాయి, అన్నిటికంటే సిగ్గుచేటుగా నా ఊఁ ఉంది. ఆ కుర్రాడు బోటెక్కకుండా ఆపాలనే తపన నాకు నిజంగానే ఉంది. దాని పక్కనే, వినాయకుడి పాటల నుంచి నేను బయటపడాలనే ఆశ కూడా ఉంది. రెండూ ఒకటేనని నన్ను నేను నమ్మించుకున్నాను.

మర్నాటి నుంచి వాణ్ణి ఒంటరిగా నిలబెట్టాను. పరుపు పూర్తిగా మూసి, హెడ్‌ఫోన్స్ రెండూ వాడి చెవులకే పెట్టి, లోపల టక్ టక్ మని తాళం వదిలాను. దాని మీద సరిగ్గా పడాలి. లైను చెప్పి ఆగకూడదు. పలకడానికి ఎవరూ ఉండరు, అలవాటు చేసుకోవాలి. వాడు అలవాటు చేసుకున్నాడు. నేను చెప్పిందల్లా చేశాడు. అది తల్చుకుంటేనే నా మీద నాకు అసహ్యం వేస్తుంది. ఒక్కసారైనా ఎదురు తిరిగి ఉంటే బాగుండేది. పది రోజుల్లో మళ్ళీ మళ్ళీ పాడించి ముప్పై పైచిలుకు టేకులు తీశాం. ఒక్కో టేకుకీ వాడి గొంతు నున్నబడింది.

తర్వాత నా అసలు ప్రతాపం మొదలైంది. ఇందులో ఒక లైను, అందులో ఒక మాట, ఇంకో దాంట్లో సగం మాట. కంప్యూటర్లో గొంతు గొంగళిపురుగుల్లా కనిపిస్తుంది. ఒక్కో పురుగునీ కోసి, జరిపి, తాళం గీతకి అంటించాను. వాడు ఊపిరి పీల్చిన చప్పుడు ప్రతీదీ తీసేశాను. లైనుకీ లైనుకీ మధ్య ఖాళీలు జనానికి విసుగని మూసేశాను. మూడున్నర నిమిషాల పాట రెండు నిమిషాల చిల్లరైంది. పూర్తయ్యాక వాణ్ణి కూర్చోబెట్టి వినిపించాను.

వాడు చివరిదాకా విని, "అన్నియ్యా, ఇది నానేనా?" అన్నాడు.

"నువ్వే. ఇదేరా ప్రొడక్షనంటే" అన్నాను.

"మన మొదటిది బాగున్నాది కదన్నియ్యా."

"అది మనిద్దరికీ బాగున్నాది. బయటోడు నవ్వుతాడు."

వాడు సరేనన్నాడు. పాట విశాఖపట్నం పంపాను. జట్టు బయల్దేరడానికి అప్పటికి అయిదు రోజులుంది. నాలుగో రోజు ఆయన ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. "రికార్డింగ్ చాలా నీటుగా ఉందండీ. కుర్రాడు కూడా తప్పుల్లేకుండా పాడాడు. కానీ ఇలాంటివి మాకు వారానికి పది వస్తాయి. మనిషి కనబడ్డం లేదండీ ఇందులో" అన్నాడు. నీటుగా ఉందనే మాటకి నేను ఒక క్షణం పొంగిపోయాను కూడా. ఇప్పుడు ఆ క్షణాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియడం లేదు.

ఇంకా ఒక రోజుంది. మొదటి టేకు నా దగ్గర ఉంది. ఫోల్డర్ తెరిచి, విని, పంపే దాకా వెళ్ళాను. నా ఊఁ వినబడింది. ఆయన ఆ గొంతు గుర్తుపట్టి, పక్కనున్నవాళ్ళకి వినిపించి నవ్వుతాడనిపించింది. ఫోల్డర్ మూసేశాను. ఇది ఎవరూ నా చేత చేయించలేదు. కరెంటు పోలేదు, కంప్యూటర్ చెడిపోలేదు. నేనే మూసేశాను.

జట్టు విజయనగరం మీదుగా వెళ్ళే రైలే ఎక్కింది. స్టేషన్‌కి వెళ్ళాను. కుర్రాడు పెట్టె తలుపు దగ్గర నిలబడ్డాడు, వెనక మేనమామ, బియ్యం సంచులు, దుప్పట్లు. పాట పెన్‌డ్రైవ్‌లో వేసి తీసుకెళ్ళాను. తీసుకోలేదు.

"ఒద్దన్నియ్యా. అదింటే ఎవులిదో ఇన్నట్టుంటాది. మొదటిది నీ కాడే ఉంచు. వొచ్చి ఇంటాను."

"అలగే ఉంచుతాను" అని మాటిచ్చాను.

ఆగస్టు ఆఖరుకి వినాయకుడి పాటల రద్దీ. రోజుకి మూడు పాటలు, బయట మెట్ల మీద కుర్రాళ్ళు క్యూ. ఒక మధ్యాహ్నం, రికార్డింగ్ మధ్యలో, డిస్కు నిండిపోయిందని కంప్యూటర్ ఆగిపోయింది. పాతవన్నీ తీసేయాలి. ఫోల్డర్ల మీద పేర్లు కూడా సరిగ్గా చూడకుండా వరసగా పట్టుకుని చెరిపేశాను. వాడి ముప్పై టేకులు, వాటి కింద ఆ మొదటిది. పూర్తయిన పాట వేరే చోట ఉంది కదా, మిగతాదంతా తుక్కు. నా గుండె ఒక్కసారి కూడా ఉలిక్కిపడలేదు. చెరిపేసి, మెట్ల మీదున్నవాణ్ణి లోపలికి పిలిచాను.

ఆ తర్వాత ఏడాది దాటాక ఎక్కడివాళ్ళదో ఒక రాప్ పాట విన్నాను. మధ్యలో వెనక ఎవడో నవ్వుతున్నాడు, గ్లాసేదో కింద పడింది. ఆ నవ్వూ, ఆ గ్లాసు చప్పుడూ అలాగే ఉంచేశారు. ఒక్క లైనుకి గదిలో ఉన్న నలుగురూ పలుకుతున్నారు. పరుగున వెళ్ళి డిస్కంతా వెతికాను. చెరిపినవి తిరిగి తెచ్చే షాపువాడి దగ్గరికి డిస్కు పట్టుకెళ్ళాను. రెండు రోజులుంచుకుని, "దీని మీద మళ్ళీ మళ్ళీ రాసీసినారు సార్. ఇంక రాదు" అని చేతిలో పెట్టాడు. దాని మీద రాసినవేమిటో నాకు తెలుసు. అన్నీ ఒకే డప్పు.

ఆ కుర్రాడు మూడు సీజన్లు వెళ్ళాడు. వేసవిలో ఊరొచ్చినా నా దగ్గరికి రాలేదు, నేనూ పిలవలేదు. ఫోన్ మోగితే వాడేమోనని భయపడేవాణ్ణి. మూడో ఏడు మేలో, పొద్దున్న పదిగంటలకి, మెట్లెక్కి వచ్చాడు. బాగా నల్లబడ్డాడు, చెంపలు లోపలికి పోయాయి. పెళ్ళయిందని చెప్పాడు. మూడు నెలల పాప ఉందట, ఫోన్లో ఫొటో చూపించాడు.

"ఎప్పుడొచ్చినావు?" అని అడిగాను.

"మూడో నెలన్నియ్యా" అన్నాడు, ఫొటో చూస్తూ, పాప వయసు అడిగాననుకుని.

నేను పక్కకి జరిగితే తల తిప్పి నా పెదాలకేసి చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. మా నాన్న మిల్లులో మగ్గాల మధ్య ముప్పై ఏళ్ళు గడిపి ఇంటికి తెచ్చుకున్న చూపు అదే.

"సెవికేటయ్యిందిరా?" అని గట్టిగా అడిగాను.

"ఇంజిన్ అన్నియ్యా. మూడేళ్ళూ ఇంజిన్ కాడే నా పని. పడకా అక్కడే. డాక్టరికి సూపించినాను. ఎడమది పోనాదన్నాడు. కుడిదాన్ల సగముంది." పంటి నొప్పి గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు. "పాటలింక మన వల్ల కావు. తాడు కాడ కూడా ఇప్పుడు మా తమ్ముడే పాడతన్నాడు. పలికింది ఇనపడకపోతే ఏటి పాడతాం?"

వాడే మళ్ళీ అన్నాడు. "మన మొదటిది ఉన్నాది కదన్నియ్యా? మా పాపకి కావాలి. మీ బాబు ఇలగ పాడీవోడని సెప్పాలి కదా."

లేదని చెప్పాలి. ఒక్క మాట. వాడు నన్ను తిట్టినా, గోడకేసి కొట్టినా సరే, అది చెప్పాల్సిన మాట.

"ఉన్నాది" అన్నాను.

హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. వాడు రెండు వైపులా పెట్టుకుని, తీసి, కుడివైపుది గట్టిగా అరచేత్తో చెవికి నొక్కుకున్నాడు. "పెంచు" అన్నాడు. పెంచాను. "ఇంకా పెంచు." బయటికే వినబడేంత పెంచాను. నా దగ్గర మిగిలిన ఒకే ఒక్క పాట పెట్టాను, కోసి అతికించింది. వాడు కళ్ళు మూసుకుని విన్నాడు. పెదాలు కదులుతున్నాయి. గీతకి అంటించిన నా తాళం మీద కాదు, దాని వెనక ఒక అడుగు దూరంలో కదులుతున్నాయి. సగంలో కళ్ళు తెరిచి, మొహమంతా నవ్వుతో నా చెయ్యి పట్టుకున్నాడు.

"అదుగో! నువ్వు పలుకుతన్నావు సూడు. ఇనపడతంది అన్నియ్యా, నీ ఊఁ ఇనపడతంది!"

నేను తలూపాను.

ఫోన్లోంచి మెమరీ కార్డు తీసి ఇచ్చాడు. అందులో వేసి ఉంచమని, పాపకి గౌను కొనుక్కుని గంటలో వస్తానని కిందికి దిగాడు. వాడి అడుగుల చప్పుడు ఆగాక నేను తలుపేశాను. కిటికీ మూసి, ఫ్యాన్ ఆపి, పరుపు వెనక్కి వెళ్ళాను. నేను చేయగలిగింది ఒకటుందనిపించింది. నా ఊఁ నేనే మళ్ళీ చెప్పి అందులో కలిపితే, వాడు విన్నది అబద్ధం కాకుండా పోతుంది. ఇన్నేళ్ళుగా నాకొచ్చిన విద్య అదే కదా.

పాట వదిలాను. మొదటి లైను అయింది. ఊఁ అనబోయేసరికి రెండో లైను వచ్చేసింది. మళ్ళీ వెనక్కి తిప్పాను. నోరు తెరిచేలోపు మాట, మాట మీద మాట. పిల్ల తండ్రిని చూసి దాక్కునే చోటికి వెళ్ళాను. ఆ రోజు వాడు ఊపిరి అందక ఆగిన చోటు. అక్కడా ఏమీ లేదు, రెండు మాటలూ అంచు కలిపి అతికి ఉన్నాయి. ఎక్కడా కనబడకుండా, చాలా నీటుగా. పది సార్లు ప్రయత్నించాను. నా ఊఁ వాడి మాట మీద పడి దాన్ని తొక్కేస్తోంది తప్ప, పక్కన నిలబడడం లేదు. చెమటతో పరుపుకి ఆనుకుని, ఏడ్చాను.

వాడు వచ్చి తలుపు కొట్టాడు. చేతిలో పసుప్పచ్చ గౌను ప్లాస్టిక్ కవర్లో ఉంది. కార్డు ఇచ్చాను. ఫోన్లో పెట్టుకుని, పాట కనబడుతోందో లేదో చూసుకుని, జేబులో వేసుకున్నాడు.

"అంతా ఉన్నాది కదన్నియ్యా?"

"ఉన్నాది."

"మా పాప సూడు, తలుపు సప్పుడైతే సాలు, ఇటు తిరిగిపోతాది" అని గర్వంగా చెప్పి, పాసింజరుకి టైమైందని మెట్లు దిగిపోయాడు.

ఆ పిల్లకి చెవులు బాగున్నాయి. రేపు పెద్దదయ్యాక వాళ్ళ నాన్న ఆ పాట పెట్టి, ఇదిగో ఇక్కడ మా అన్నియ్య పలుకుతున్నాడు చూడు అంటాడు. ఆ పిల్ల జాగ్రత్తగా వింటుంది. అందులో వాళ్ళ నాన్న ఒక్కడే ఉంటాడు.